స్కూబా నేర్చుకునే ముందు ఏం చదవాలి, ఎవరిని నమ్మాలి

చెన్నై

చి. సుధీర్‌కి పెదనాన్న ఆశీస్సులు.

స్కూబా, అంటే సిలిండరు గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం, నేర్చుకోవడానికి నువ్వు పంపిన జాబితా చూశాను. ఆరు వీడియో చానళ్లు, రెండు పాత పీడీఎఫ్‌లు, పుదుచ్చేరి వారాంతపు కోర్సు ప్రకటన ఒకటి. వీటన్నిటికంటే ముందు చదవాల్సిన మూడు పేజీలు మాత్రం అందులో లేవు. అవి డైవర్ల ఆరోగ్య ప్రశ్నావళి. దాన్ని 2020లో సవరించారు. పెద్ద శిక్షణ సంస్థలు దాదాపు అన్నీ ఇప్పుడు అదే వాడుతున్నాయి. మొదటి పేజీలో పది ప్రశ్నలుంటాయి. కొన్నిటికి "అవును" అంటే నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మిగతా వాటికి తర్వాతి పేజీలో వివరాలు అడుగుతారు.

చాలామంది ఈ ఫారాన్ని బీచ్‌లో, బోటు ఎక్కే పది నిమిషాల ముందు నింపుతారు. అప్పటికే డబ్బు కట్టేసి ఉంటారు, స్నేహితులు ఎదురుచూస్తుంటారు. అన్నిటికీ "లేదు" అని గీత గీసేస్తారు. నువ్వు బెంగళూరులో, నీ గదిలో, అడ్వాన్సు కట్టకముందే నింపు. చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చేది, ఇన్‌హేలర్ వాడేవాడివి. అది రాయాలి. శ్వాసనాళం ఎక్కడైనా ఇరుకైతే దాని వెనక గాలి చిక్కుకుంటుంది. పైకి వస్తుంటే ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తిని చీల్చగలదు. ఛాతీ డాక్టరు చేత స్పైరోమెట్రీ (ఊపిరి పీల్చి వదిలే శక్తిని కొలిచే పరీక్ష) చేయించుకుని, సరేనంటేనే ముందుకు వెళ్లు. మన డాక్టర్లలో డైవింగ్ వైద్యం తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఆ ఫారంతో పాటు డాక్టర్ల కోసమే రాసిన మార్గదర్శక పత్రం కూడా ఉచితంగా దొరుకుతుంది. దాన్నీ ప్రింటు తీసి చేతిలో పెట్టు.

తరవాత చదువు. ఒకేసారి పది చోట్ల చదవకు. ఏదో ఒక శిక్షణ సంస్థ ఇప్పటి మాన్యువల్ మొదటి నుంచి చివరిదాకా చదువు. పాడీ కానీ, ఎస్‌ఎస్‌ఐ కానీ, ఏదైనా పరవాలేదు. ఐఎస్‌ఓ 24801-2 అనే అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయే కోర్సా అని మాత్రం అడుగు. తనంతట తాను, తోడు డైవర్‌తో కలిసి నీళ్లలోకి దిగగలిగినవాడికి ఉండాల్సిన కనీస శిక్షణ అది. 24801-1 అయితే పక్కన డైవ్ లీడర్ ఉన్నప్పుడే దిగాలి. బీచ్‌లో అమ్మే "ట్రై డైవ్", అంటే ఒక్కసారి దింపి చూపించేది, ఈ రెండిట్లో ఏదీ కాదు. దానికిచ్చే కాగితం జ్ఞాపికే.

తెలుగులో ఈ విషయం మీద చదవడానికి దొరికేది చాలా తక్కువ. ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి పాఠాన్నీ నీ తెలుగులో రాసుకో. ఇంగ్లీషులో చదివి "అర్థమైంది" అనిపించిన చాలా సంగతులు తెలుగులో రాయబోతే ఆగిపోతాయి. ఆగిన చోటే మళ్లీ చదవాలి. బడిలో చెప్పిన బాయిల్ నియమంతో మొదలుపెట్టు. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పైన 6 లీటర్లున్న గాలి 10 మీటర్ల లోతున 3 లీటర్లవుతుంది, 20 మీటర్ల దగ్గర 2 లీటర్లు, 30 దగ్గర లీటరున్నర. అంటే పెద్ద మార్పంతా పై 10 మీటర్లలోనే. "లోతు తక్కువ కదా, భయమేముంది" అనే వీడియో కనిపిస్తే అక్కడే ఆపెయ్. ఊపిరి బిగబట్టి రెండు మీటర్లు పైకి వచ్చినా ఊపిరితిత్తి దెబ్బ తినవచ్చు.

నువ్వు పంపిన పీడీఎఫ్‌లలో ఒకటి అమెరికా నేవీ మాన్యువల్. అందులో నీటి అడుగు భౌతికశాస్త్రం, శరీరధర్మం గురించిన అధ్యాయాలు చాలా బాగుంటాయి, తప్పకుండా చదువు. ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టికల జోలికి మాత్రం వెళ్లకు. అవి గట్టి శిక్షణ పొందిన నేవీ డైవర్ల కోసం, వెనక పెద్ద సహాయ బృందం ఉండే పని కోసం చేసినవి. ఒక పట్టికలోంచి సమయం, ఇంకో పట్టికలోంచి గ్రూపు అక్షరం (లోతున శరీరంలో కరిగిన నైట్రోజన్ ఎంత మిగిలిందో చెప్పేది) తీసుకుని కలిపితే లెక్క మొత్తం తప్పుతుంది.

ఏ పుస్తకమైనా, వీడియో అయినా పనికొస్తుందా లేదా తేల్చుకోవడానికి నేను ముందు చూసేది సిలిండరు వాల్వు. పాత పాఠాలు "పూర్తిగా తిప్పి, పావు తిప్పు వెనక్కి తిప్పండి" అంటాయి. ఇప్పుడు చెప్పేది పూర్తిగా తెరిచి అలాగే వదిలేయమని. కారణం తెలుసుకో. తెరుస్తున్నాననుకుని ఎవడైనా వాల్వును మూసే వైపు చివరిదాకా తిప్పి, "వెనక్కి" పావు తిప్పు తిప్పితే అది ఆ పావు తిప్పు మేరకే తెరుచుకుంటుంది. పైన సిలిండరు పీడనం చూపే గేజ్ 200 బార్ (బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) చూపిస్తుంది, ఊపిరి కూడా హాయిగా ఆడుతుంది. లోతుకు వెళ్లాక ఒక్కో శ్వాసకు ఎక్కువ గాలి కావాలి, ఆ ఇరుకు సందులోంచి అంత రాదు. దీన్ని ఒడ్డునే పట్టుకోవచ్చు. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, గేజ్ ముల్లు చూస్తూ నాలుగు గట్టి శ్వాసలు తీసుకో. ముల్లు కదలకుండా ఉంటే సరే. పీల్చినప్పుడల్లా కిందికి ఊగి మళ్లీ పైకి లేస్తుంటే వాల్వు పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. ఈ ముల్లు సంగతి చెప్పని వీడియోలో మిగతా సామాను తనిఖీ కూడా అరకొరగానే ఉంటుందనుకో.

పైకి వచ్చే వేగం కూడా అలాంటిదే. పాత పుస్తకాల్లో నిమిషానికి 18 మీటర్లు అని ఉంటుంది. ఇప్పుడు ఎక్కువమంది 9 దగ్గర ఉండమంటారు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమంటారు. నీ పీడీఎఫ్‌లో ఏ అంకె ఉందో చూస్తే అది ఏ కాలం నాటిదో తెలుస్తుంది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష గాలి లెక్క. ఇది నేర్పని కోర్సులో చేరకు. 18 మీటర్ల దగ్గర ఎంతసేపు ఉండొచ్చని పాడీ పట్టిక చూస్తే 56 నిమిషాలు అంటుంది. కొత్తవాడు ఆ అంకె చూసి సమయం బోలెడుందనుకుంటాడు. ఇప్పుడు సిలిండరు వైపు నుంచి చూడు. మామూలుగా ఇచ్చే అల్యూమినియం సిలిండరు 11.1 లీటర్లు. 200 బార్‌కు నింపితే సుమారు 2,220 లీటర్ల గాలి. కొత్తవాడు ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 18 మీటర్ల దగ్గర పీడనం 2.8 రెట్లు కాబట్టి నిమిషానికి 56 లీటర్లు. 50 బార్, అంటే 555 లీటర్లు, ముట్టుకోకూడని నిల్వ. మిగిలింది 1,665. భాగిస్తే 30 నిమిషాలు కూడా రాదు. దిగడానికి, ఎక్కడానికి, 5 మీటర్ల దగ్గర ఆగడానికి కూడా ఇందులోంచే పోవాలి. కంగారు పడితే 20 లీటర్లు కాస్తా 40 అవుతాయి, సమయం సగమవుతుంది. పట్టిక ఇంకా సమయముందంటుంటే గాలి ముందే అయిపోతుంది. ఈ లెక్క 10, 14, 18 మీటర్లకు నీ చేత్తో నువ్వే వేసి, నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకో.

ఇదంత ముఖ్యమని ఎందుకంటున్నానంటే, డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్ల అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. 947 డైవింగ్ మరణాలను పరిశీలించారు. మొదట ఏం తప్పిందో తేల్చగలిగిన వాటిలో 41 శాతం గాలి చాలకపోవడంతో మొదలయ్యాయి. ఈ సంస్థ నివేదికలు, బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్ ఏటా వేసే ప్రమాదాల నివేదికలు ఉచితం. మాన్యువల్ ఒకసారి పూర్తయ్యాక వాటిని రోజుకు రెండు మూడు సంఘటనల చొప్పున చదువు. చదివేటప్పుడు చివర ఏమైందని కాదు, మొట్టమొదట ఏం తప్పిందని వెతుకు. చాలావాటిలో అది చిన్నదే. గేజ్ చూడకపోవడం, తోడు డైవర్‌కి దూరమవడం. మాన్యువల్‌లో ఆ తప్పుకు సంబంధించిన పేజీ తీసి, ఆ పేజీ అంకెను సంఘటన పక్కన వేసుకో.

వీడియోలు అన్నిటికంటే చివర. కొలనులో ఒక పని చేశాక, అదే పని ఇంకొకరు ఎలా చేస్తున్నారో చూడటానికి పనికొస్తాయి. మాస్కులో నీళ్లు తీసే వీడియోలో ఆ మనిషి మెల్లగా ముక్కుతో ఊపిరి వదులుతున్నాడా, బుడగలు ఆగకుండా వస్తున్నాయా గమనించు. మధ్యలో కట్ చేసి అతికించిన వీడియోతో నేర్చుకోవద్దు, ఆ కోసేసిన చోటే తడబాటు ఉండి ఉండవచ్చు.

ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు సభ్యత్వ నంబరు అడుగు. సంస్థ సైట్‌లో చూసుకోవచ్చు. సముద్రంలో ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కి పాడీ నిబంధన ప్రకారం ఎనిమిది మందిదాకా ఉండొచ్చు. మన తీరంలో నీళ్లు మసకగా ఉంటాయి కాబట్టి నలుగురు దాటితే నువ్వు వద్దను. కొలను పాఠాలు ఐదు, సముద్రపు డైవ్‌లు నాలుగు, ఆ నాలుగూ కనీసం రెండు రోజుల్లో జరగాలి. ఒక్కరోజులో కార్డు ఇస్తామంటే ఫోన్ పెట్టెయ్. బోటులో ఆక్సిజన్ కిట్ ఉందా, డీకంప్రెషన్ జబ్బు (పైకి వచ్చాక శరీరంలో నైట్రోజన్ బుడగలు కట్టడం) వస్తే ఏ ఆసుపత్రి చాంబర్‌కి (పీడనం పెంచి చికిత్స చేసే గది) తీసుకెళ్తారు అని అడుగు. తడుముకోకుండా ఊరి పేరు, ఆసుపత్రి పేరు రావాలి. కొలను పాఠాలు బెంగళూరులోనే పూర్తి చేసుకుని సముద్రానికి వెళ్లడం మంచిది. 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం అంతకు ముందే చేతిలో ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరుదాకా ఈశాన్య రుతుపవనాలు, ఆ రోజుల్లో పుదుచ్చేరి వైపు పెట్టుకోకు.

ఇక నీ ఊరి సంగతి. సముద్రం పక్కన ఉండేవాళ్ల కోసం రాసిన పాఠాల్లో ఇది పెద్దగా కనపడదు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. డైవ్ తరవాత విమానం ఎక్కడానికి చెప్పే నియమం ఉంది కదా: ఒక్క డైవ్ అయితే 12 గంటలు, పలు డైవ్‌లు లేదా పలు రోజులు చేస్తే 18 గంటలు ఆగాలి. అది 600 మీటర్లు దాటిన ఎత్తుకు లెక్క. విమానమైనా, బస్సయినా శరీరంలో మిగిలిన నైట్రోజన్‌కు తేడా తెలియదు. సోడా సీసా మూత కొంచెం వదులు చేసినట్టే. పుదుచ్చేరిలో ఆదివారం మధ్యాహ్నం డైవ్ ముగించి, ఆ రాత్రి బస్సెక్కితే కృష్ణగిరి దాటి హోసూరు వైపు ఎక్కేసరికి ఆ పద్దెనిమిది గంటలు గడవవు. కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి నుంచి వచ్చినా ఘాట్ ఎక్కాల్సిందే. ప్రకటనలో ఉన్న "శుక్రవారం రాత్రి బయలుదేరి సోమవారం ఉదయం ఆఫీసుకు" పథకం అందుకే నీకు కుదరదు. సోమవారం సెలవు పెట్టు. ఆదివారం పదకొండుకల్లా చివరి డైవ్ ముగించుకుని, తిరుగు టికెట్ సోమవారం ఉదయానికి తీసుకో.

ఫారం నింపగానే ఫొటో తీసి పంపు. డాక్టరు ఏమన్నాడో కూడా రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న