రంగం వెళ్ళిన తాత, ఊళ్ళో మిగిలిన మామ్మ

(మన పూర్వీకుల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది టెక్కలి వైపు పల్లెటూరు. మా తాతకి అన్న, అంటే మా పెదతాత, పెళ్ళయిన రెండేళ్ళకే రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిపోయాడట. కొన్నాళ్ళు మనియార్డర్లు వచ్చాయి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అక్కడ బర్మా ఆవిడను చేసుకున్నాడని కొందరు, బాంబులు పడ్డప్పుడు పోయాడని కొందరు చెబుతారు. దక్షిణాఫ్రికా వెళ్ళినవాళ్ళ పేర్లు ఓడ జాబితాల్లో దొరుకుతున్నాయని విన్నాను. రంగం ఓడలకూ అలాంటివి ఉంటాయా? ఆయన భార్య, మా పెదమామ్మ, 1960ల్లో పోయిందట. ఆవిడ గురించి అంతకు మించి ఎవరికీ తెలీదు. – ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కష్టమైన మాట ముందే చెప్పేస్తాను బాబూ. రంగం ఓడల జాబితా మీద ఆశ పెట్టుకోవద్దు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి, మారిషస్‌కి, ఫిజీకి వెళ్ళినవాళ్ళు గిర్మిటు, అంటే కూలి ఒప్పందం, రాసి వెళ్ళారు. అందుకని మనిషికో నంబరు, మనిషికో కాగితం పుట్టాయి. బర్మా సంగతి వేరు. 1937 ఏప్రిల్ 1 దాకా అది బ్రిటిష్ ఇండియాలోనే ఒక రాష్ట్రం. కాకినాడలోనో, విశాఖలోనో, భీమిలిలోనో, కళింగపట్నంలోనో స్టీమరెక్కి, డెక్కు మీద ఇంత చోటు చూసుకుని కూర్చుని, రంగూన్‌లో దిగడమంటే సర్కారు లెక్కలో దేశం దాటడం కానే కాదు. మేస్త్రీ టిక్కెట్టు డబ్బు ముందుగా పెట్టేవాడు. అక్కడ రేవులోనో, బియ్యం మిల్లులోనో పనిలో పెట్టి కూలిలోంచి పట్టుకునేవాడు. ఎవరైనా పేరు రాసుకున్నారంటే ఆ మేస్త్రీ తన చిట్టాలో రాసుకుని ఉంటాడు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో ఉన్న భారతీయులు 10 లక్షలకు పైనే. అందులో మీ పెదతాత ఉన్నా ఒక అంకెగానే ఉంటాడు.

అలాగని ఆయన్ని వదిలేయమనను. ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే మనియార్డరు కూపన్ల కోసం వెతకండి. డబ్బు అందాక కూపను ఇంట్లోనే మిగిలేది. దాని మీద తపాలా ముద్ర ఉంటుంది. ఏ పోస్టాఫీసో, ఏ తారీఖో ఆ ముద్రే చెబుతుంది. ఆఖరి మనియార్డరు ఏ ఏడాదిదో తేలిందా, సగం దారి నడిచినట్టే. 1930 మే నెలలో రంగూన్ రేవులో గొడవలు రేగాయి. కూలి పెంచమని సమ్మె కట్టింది మన తెలుగు రేవు కూలీలే, కోరంగీలని పిలిచేవారు వాళ్ళని. సమ్మె ముగిశాక బర్మా కూలీలకూ వీళ్ళకూ మధ్య కత్తులు లేచాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు జపానువాళ్ళ చేతికి పోయింది. ఆ నడుమా ఆ తర్వాతా లక్షలమంది అరకాను దారిలోనూ, మణిపూరు దారిలోనూ కాలినడకన బయల్దేరారు. మీ ఇంటికి ఆఖరి డబ్బు 1929లో వచ్చి ఉంటే, 1941 బాంబుల కథను కాస్త అనుమానంగానే చూడాలి. 1941 శరదృతువులో వచ్చి ఉంటే ఆ కథకు బలం వస్తుంది. బర్మా ఆవిడ సంగతి మాత్రం కాగితం దొరికేదాకా "ఇంట్లో ఇలా అనేవారు" అనే రాసిపెట్టండి. తిరిగి రాని ప్రతి మగవాడి గురించీ ఊళ్ళలో ఆ మాట ఉంది. మా ఇంట్లోనూ ఉంది.

ఇక మీరు ఆఖర్న రెండు ముక్కల్లో ముగించిన పెదమామ్మ దగ్గరికి వస్తాను. ఆయనకన్నా ఆవిడే దొరుకుతుందని నా నమ్మకం. వెళ్ళినవాడు కూలి చేశాడు, కూలికి దస్తావేజులు ఉండవు. మిగిలినావిడ భూమి పక్కన బతికింది. భూమికి ఉంటాయి.

రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. మా ముత్తాత తమ్ముడు కూడా రంగం వెళ్ళి రాలేదు. ఆయన భార్యను మా ఇంట్లో అందరూ "రంగం పిన్ని" అనేవారు. ఆవిడ జన్మలో ఓడ ఎక్కి ఎరగదు. మొగుడు వెళ్ళిన ఊరే ఆవిడ పేరైపోయింది. అసలు పేరు మా నాన్నకు కూడా తెలీదు. "పాపం, దిక్కులేక మన పంచన చేరింది, ఇంత ముద్ద తిని పోయింది" అని చెప్పేవారు. రిటైరయ్యాక ఆవిడని వెతకాలనుకున్నాను. పేరు తెలిస్తే రిజిస్ట్రారాఫీసులో దస్తావేజుల మొదటి ఇండెక్సు చూడవచ్చు, అది మనుషుల పేర్ల మీద ఉంటుంది. నాకు పేరే లేదు. అందుకని రెండో ఇండెక్సు పట్టుకున్నాను, అది ఊళ్ళ వారీగా, ఆస్తుల వారీగా ఉంటుంది. ఆ ఒక్క ఊరికి 1920 నుంచి 1950 దాకా, వరస పెట్టి, పేజీ పేజీ చూశాను. పదకొండు రోజులు పట్టింది.

1934లో ఒక క్రయం దొరికింది. 30 సెంట్లు మెట్ట. రాసిచ్చినావిడ మా ముత్తాత తమ్ముడి భార్య. అక్కడే ఆవిడ పేరు మొదటిసారి చదివాను. భర్త ఎనిమిదేళ్ళ కిందట రంగూను వెళ్ళాడనీ, క్షేమ సమాచారం లేదనీ, తన పోషణ కోసం, తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమిలో సగం అమ్ముతున్నాననీ రాయించింది. ఆ ఒక్క వాక్యంతో ఆయన వెళ్ళిన ఏడు తేలింది. పుట్టింటివాళ్ళు భూమి ఇచ్చారని తేలింది. అప్పుడు హద్దులు చదివాను. తూర్పున ఒకరి మెట్ట, ఆయన ఇంటిపేరు మా ఊళ్ళోది కాదు. సాక్షి సంతకాల్లోనూ అదే ఇంటిపేరు. ఆయన ఆవిడ అన్న. హద్దులనేవి ఆస్తి కొలవడానికే అనుకుంటాం గానీ, పాత దస్తావేజుల్లో అవి చుట్టరికాల పటం. అన్నదమ్ములు పంచుకున్న చేను పక్కపక్కనే ఉంటుంది. ఆడపిల్లకిచ్చిన ముక్క అన్న ముక్కకు ఆనుకునే ఉంటుంది. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, నాలుగు పేర్లూ రాసుకోండి. ఒక్కటీ వదలొద్దు.

తర్వాత 1947 తాకట్టు దస్తావేజు ఒకటి కనబడింది. అందులో అప్పిచ్చింది ఆవిడే. 200 రూపాయలు, మా ఊరి రైతు ఒకాయనకి. దిక్కులేక పంచన చేరిన మనిషి అంత అప్పు ఎలా ఇస్తుంది? మూడు తరాలుగా మేము చెప్పుకున్నది తప్పు. ఆవిడ మా ముద్ద తిని బతకలేదు. ఆ సంగతి మా వాళ్ళందరికీ ఉత్తరం రాసి మరీ చెప్పాను.

ఆఫీసు పుస్తకంలో ఉండేది నకలే. అసలు దస్తావేజు కొన్నవాళ్ళ దగ్గర ఉంటుంది. 1934లో కొన్నాయన మనవళ్ళ ఇంటికి వెళ్ళి అడిగాను. భూమి కోసం వచ్చానేమోనని మొదట భయపడ్డారు, తర్వాత పెద్దాయనే పెట్టె తెరిచారు. కాగితం చివర ఆవిడ ఎడమ బొటనవేలి ముద్ర, దాని చుట్టూ దస్తావేజు రాసినాయన దస్తూరీలో ఆవిడ పేరు. రంగం పిన్ని ఫోటో మాకు లేదు. ఉన్నది ఆ ముద్రే.

మీరు చేయాల్సింది కూడా ఇదే. ఆస్తి దస్తావేజులుండే ఒకటో నంబరు పుస్తకం, దాని ఇండెక్సులు ఎవరైనా చూడవచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో 57వ సెక్షను ఆ హక్కు ఇచ్చింది. మీకేం సంబంధం అని ఎవరైనా అడిగితే ఆ సెక్షను చెప్పండి. 1983కు ముందువి కంప్యూటర్లో రావు, చేత్తోనే వెతకాలి. ఇంకో మాట, మీ వైపు ఇది చాలామందికి తట్టదు. 1936 దాకా టెక్కలి గంజాం జిల్లాలో ఉంది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాకొచ్చింది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న పుట్టింది. ఒకే ఊరు, ఒకే చేను, మూడు జిల్లాల పేర్ల కింద కాగితాలు. శ్రీకాకుళాన్ని కూడా పాత ఇంగ్లీషు రికార్డుల్లో చికాకోల్ అనే రాశారు. జమీందారీలు రద్దయ్యాక తయారైన భూముల లెక్క పుస్తకం, సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్‌లోనూ ఊరి పేరు మీద చూడండి. 1948 చట్టం తర్వాతి సర్వే కాబట్టి పెదమామ్మ అప్పటికి బతికే ఉంది. పట్టాదారు గడిలో ఆవిడ పేరు ఉండవచ్చు, "వగైరా" అన్న మాట వెనకా ఉండవచ్చు. ఆడవాళ్ళు ఆ మాట వెనక చాలామంది ఉన్నారు.

ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగేటప్పుడు "ఆయనేమయ్యాడు" అని అడగొద్దు, చెప్పిన కథే మళ్ళీ చెబుతారు. "పెదమామ్మ బొట్టు ఎప్పుడు తీసింది, ఎవరు తీయమన్నారు?" అని అడగండి. ఏడేళ్ళు జాడ లేని మనిషిని చనిపోయినట్టు ఎంచవచ్చని 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పింది. కొన్ని ఇళ్ళలో దాన్నిబట్టే వాటాలు పంచుకున్నారు, పంపకాల దస్తావేజులో ఆ మాట రాయించారు కూడా. కొంతమంది ఆడవాళ్ళు మాత్రం చట్టం ఏమన్నా, ఊరేమన్నా చచ్చేదాకా గాజులు తీయలేదు. మీ పెదమామ్మ ఏం చేసిందో తెలుసుకోండి. అది తెలియడం ఆయన ఏ ఏడు పోయాడో తెలియడం కన్నా చిన్న సంగతేమీ కాదు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో తర్వాతి రోజుల్లో తిరిగొచ్చిన కుటుంబాలున్నాయి. అక్కడ ముసలివాళ్ళు మిగిలి ఉండగానే ఒకసారి వెళ్ళిరండి.

ప్రశ్న: మా ముత్తాత తాటాకు జాతకంలో ధాత నామ సంవత్సరం, మాఘమాసం అని ఉంది. 1876లో పుట్టాడని ఇంట్లో అంటారు. సరైనదేనా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఒక ఏడు తేడా ఉందమ్మా. ధాత 1876 ఉగాదికి మొదలై 1877 ఉగాదికి ముగిసింది. మాఘం దాని చివరి నెలల్లోది, కాబట్టి ఆయన పుట్టింది 1877 మొదట్లో. పుష్యం చివర నుంచి ఫాల్గుణం దాకా ఎప్పుడూ ఈ పొరపాటు జరుగుతుంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి 1816, 1936 కూడా ధాతలే. మీ తాతగారు పుట్టిన ఏడుతో పోల్చి ఏది పొసుగుతుందో చూడండి. తిథి, వారం కూడా రాసి ఉంటే పాత పంచాంగంతో సరిచూడండి, రెండూ కలిస్తే ఇంక సందేహం ఉండదు. రెవెన్యూ కాగితాల్లో అయితే అదే కాలం 1286 ఫసలీగా కనబడుతుంది. ఫసలీ జూలైలో మొదలయ్యే రెవెన్యూ ఏడు, కాబట్టి జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలుపుకోండి.

మీది కర్నూలు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. అది ధాత కరువు ఏడు. 1876 నుంచి 1878 దాకా మీ జిల్లా, కడప, బళ్ళారి ఆ కరువులో నలిగిపోయాయి. మీ ముత్తాత ఆ మాఘంలో పుట్టి బతికాడంటే ఎవరో ఆ పసివాడి కోసం చాలా చేశారు. ఆయన తల్లి పేరు జాతకంలో ఉందా? ఆయనకు ముందూ వెనకా పిల్లలున్నారా? ఉండి, పేర్లు లేకుండా పోయారా? మళ్ళీ రాసేటప్పుడు అవి రాయండి.

ప్రశ్న: మా అమ్మమ్మ తరఫు వాళ్ళు డర్బన్‌లో ఉన్నారు. వాళ్ళ ముత్తాత నంబరు, ఓడ జాబితాలోని వివరాలు పంపించి మన ఊరు కనిపెట్టమంటున్నారు. ఆ ఊరి పేరు ఎక్కడా దొరకడం లేదు. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నాటాల్‌కి గిర్మిటు కూలీల మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, 342 మందితో. 1911 దాకా వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. అంతమంది పేర్లూ ఊళ్ళూ రాసినవాళ్ళలో తెలుగు రానివాళ్ళు ఉండేవారు. మనవాడు చెప్పింది వాళ్ళ చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాశారు. కాబట్టి ఆ అక్షరాలు కంటితో చదవకండి. మీ ఊరి యాసలో, నాలుగు రకాలుగా, గట్టిగా పలకండి. వలస, పేట, పాలెం, వాడ లాంటివి తోకలో నలిగి ఉంటాయి. అంతకన్నా ముందు తాలూకా గడి చూడండి. దాన్ని వదిలి జిల్లా అంతా వెతికితే ఒకే పేరున్న ఊళ్ళు పది దొరుకుతాయి. ఇంటిపేరు మీద ఆధారపడొద్దు. అక్కడ చాలా ఇళ్ళలో మనిషి పేరే తర్వాతి తరానికి ఇంటిపేరైంది. తండ్రి పేరు గడిని గట్టిగా పట్టుకోండి.

ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసిన గడి కూడా ఉంటుంది. ఊరు కనిపెట్టడానికి పనికిరాదని చాలామంది దాన్ని తిరగరాసుకోరు. మీరు రాసుకోండి. మోకాలి కింద మచ్చ, చెంప మీద పుట్టుమచ్చ, అలాంటిది ఒక మాట ఉంటుంది. ఆయన రూపం గురించి డర్బన్‌లో ఉన్న పిల్లలకు మిగిలింది అదొక్కటే కావచ్చు. జాబితాలో ఉన్న అక్షరాలు ఒక్కటీ సరిదిద్దకుండా, ఉన్నదున్నట్టు నాకు పంపండి. తాలూకా పేరు మర్చిపోవద్దు.