ఎలుక లివర్ వేరు, అమ్మ లివర్ వేరు

ప్రశ్న: మా అమ్మకి 46 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రోజూ 20 మి.గ్రా. టామాక్సిఫెన్ వేసుకుంటోంది. ఈ మందిస్తే ఎలుకలకి లివర్ క్యాన్సర్ వచ్చిందని ఫోన్లో ఎక్కడో చదివి, ఇక మాత్రలు మానేస్తానని పట్టుబట్టింది. ఏం చెప్పమంటారు? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మాత్ర వెయ్యండి, తర్వాత వాదించండి. అమ్మగారు చదివింది అబద్ధమేం కాదులెండి. కిలో బరువుకి 5, 20, 35 మి.గ్రా. చొప్పున రోజూ రెండేళ్ళ దాకా ఇస్తే అన్ని డోసుల్లోనూ ఎలుకలకి లివర్ క్యాన్సర్ వచ్చింది. అమ్మగారు 60 కిలోలుంటే ఆవిడకి పడేది కిలోకి మి.గ్రా.లో మూడో వంతు, అయినా అసలు తేడా డోసులో లేదు, లివర్ ఆ మందుని ఏం చేస్తుందన్న దాంట్లో ఉంది. ఎలుక లివర్ దాన్ని కొంచెం మార్చి ఒక సల్ఫేట్ తోక తగిలిస్తుంది, ఆ తోక ఊరికే ఊడిపోతుంది, మిగిలిన ముక్క వెళ్ళి డీఎన్ఏకి అతుక్కుంటుంది, గొడవంతా అక్కడే మొదలు. మన లివర్ అదే చోట ఎక్కువగా గ్లూకురోనైడ్ అనే వేరే తోక తగిలించి బయటికి పంపేస్తుంది. అంతెందుకు, ఎలుకకి చుట్టమైన చిట్టెలుకకే ఈ మందుతో లివర్ ట్యూమర్లు రాలేదు! టోరెమిఫెన్ అని దీని చెల్లెలు లాంటి మందుంది, ఒక్క క్లోరిన్ అణువే తేడా, దాంతో ఎలుకలకీ రాలేదు.

ఆడవాళ్ళలో భయపడాల్సింది లివర్ క్యాన్సర్ గురించి కాదు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ రిస్క్ కొంచెం పెరుగుతుంది, అందుకే నెలసరి కాకుండా రక్తం కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఫ్యాటీ లివర్ మాత్రం చాలామందికే వస్తుంది, బరువెక్కువ ఉన్నవాళ్ళకి ఇంకాను. లివర్ టెస్టులు ఎప్పుడు చేయించాలో ఆవిడ క్యాన్సర్ డాక్టర్నే అడగండి.

ప్రశ్న: బీఫార్మసీ చదువుతున్నాను. ఎలుకలకి ఇథినైల్ ఈస్ట్రాడియోల్ ఇచ్చి పిత్తం ఆపేస్తారట, ఎందుకు సార్?

జవాబు: ఇది గర్భనిరోధక మాత్రల్లో ఉండే కృత్రిమ ఈస్ట్రోజెన్, అంటే ఆడ హార్మోన్. కిలోకి 5 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు ఇంజెక్షన్ చేస్తే ఎలుక లివర్లో పిత్త లవణాల్ని బయటికి తోసే పంపులు తగ్గిపోతాయి, పిత్తం ధార సన్నబడుతుంది. గర్భిణులు కొందరికి చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెడతాయి చూడండి, దాన్ని అర్థం చేసుకోవడానికే ఈ పాట్లన్నీ. అలా వచ్చినవాళ్ళకి తర్వాత ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతోనూ దురద తిరిగి రావచ్చు.

ప్రశ్న: ఫారం కోళ్ళకి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారా?

జవాబు: ఈ ప్రశ్న రాని నెల లేదు! బ్రాయిలర్ అంత తొందరగా పెరిగేది జాతి వల్ల, మేత వల్ల. అయితే అమెరికాలో ఒకప్పుడు నిజంగానే జరిగింది, 1947 నుంచి పుంజుల మెడ దగ్గర చర్మం కింద డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ బిళ్ళ పెట్టేవాళ్ళు, 1959లో ఆపించారు. ఈస్ట్రోజెన్ అందగానే పుంజు లివర్ తను కోడిపెట్టననుకుని కొవ్వూ, పచ్చసొన ప్రొటీన్లూ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, గుడ్డు పెట్టేది లేకపోయినా సరే. టామాక్సిఫెన్ ఇస్తే ఆ పనంతా ఆగిపోతుంది, ఎందుకంటే కోడి లివర్లో అది ఈస్ట్రోజెన్‌కి పూర్తిగా అడ్డుపడే మందు. అదే మందు మన లివర్లో కొంత ఈస్ట్రోజెన్ లాగే పనిచేసి చెడ్డ కొలెస్ట్రాల్ని తగ్గిస్తుంది, ఖమ్మం అమ్మగారికి ఈ ముక్క కూడా చదివి వినిపించండి.