అనాథాశ్రమంలో రెండు వారాలు: అడ్వాన్స్ కట్టాలా?

కంబోడియాలో ఒక అనాథాశ్రమంలో రెండు వారాలు పిల్లలకు ఇంగ్లిష్ చెబుదామనుకుంటున్నా, ఏజెన్సీకి అడ్వాన్స్ కట్టొచ్చా అని అడిగారు. కట్టకండి.

అక్కడి ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ ఏళ్లుగా చెబుతోంది. పేదరికం వల్ల, చదువొస్తుందన్న ఆశతో ఇంటివాళ్లే పంపేస్తారు. విదేశీయుల డబ్బు వస్తున్నకొద్దీ పిల్లల్ని పోగుచేసే ఆశ్రమాలూ పెరిగాయి. ఇలాంటి వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరు తీర్మానంలోనూ ప్రస్తావించింది.

ఇంకోటండీ. వెళ్లగానే పిల్లలు వచ్చి ఒళ్లో కూర్చుంటే మనం మురిసిపోతాం. నిలకడగా చూసుకునే మనిషి లేని పిల్లలు చాలాసార్లు కొత్తవాళ్లతో అలాగే ఉంటారు. మీరు వెళ్లిపోయాక ఇంకొకరు వస్తారు, వాళ్లూ వెళ్లిపోతారు.

పైగా ఆ ఏజెన్సీ మీ పోలీస్ క్లియరెన్స్ కూడా అడగలేదన్నారు. అంటే ఎవరినీ అడగదన్నమాట!

మీకు టీచింగ్ అనుభవం ఉందన్నారు కాబట్టి, అక్కడి టీచర్లకు శిక్షణ ఇచ్చే పని ఉందేమో చూడండి. లేదంటే పిల్లల్ని సొంత కుటుంబాల్లోనే ఉంచడానికి పనిచేసే సంస్థకు ఆ డబ్బు ఇవ్వండి.