పురుగులకు పేర్లు పెట్టే చదువు మా అమ్మాయికి అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా. పామాయిల్ తోట ఉంది. మా అమ్మాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. బ్యాంకులో అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టుకు ప్రిపేర్ అవుతుందనుకున్నాం. ఇప్పుడేమో ఎంటమాలజీలో, అంటే పురుగుల శాస్త్రంలో, పీజీ చేస్తానని, మ్యూజియంలో దాచిన ముక్కు పురుగుల్ని పోల్చి ఏది ఏ జాతో తేల్చే పని చేస్తానని అంటోంది. చచ్చిన పురుగులకు పేర్లు పెడితే జీతం ఎవరిస్తారండీ? వాళ్లమ్మకు ఒకటే టెన్షన్.
- ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. ముందు జీతం సంగతే చెప్పేస్తాను. కేవలం వర్గీకరణ మాత్రమే చేసే ఉద్యోగాలు దేశం మొత్తం మీద చాలా తక్కువ. ఖాళీ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అయినా అమ్మాయిని ఆపమని నేను చెప్పను. ఎంటమాలజీలో ఎంఎస్సీ చేయనివ్వండి. ముక్కు పురుగుల్ని గుర్తుపట్టి తేల్చడం ఆ చదువులో ఆమె సొంత పనితనంగా ఉండాలి. అదొక్కటే నమ్ముకుని కూర్చుంటేనే ఇబ్బంది.

చచ్చిన పురుగులని తేలిగ్గా అన్నారు కాబట్టి మీ తోట నుంచే మొదలుపెడతాను. మీ పామాయిల్ చెట్టు మగ పూగుత్తిని ఒకసారి దులిపి చూడండి. ముదురు గోధుమ రంగులో చిన్న చిన్న పురుగులు రాలతాయి. అది ఎలైడోబియస్ కమెరూనికస్ అనే ముక్కు పురుగు. పుప్పొడిని ఆడ పూలకు మోసుకెళ్లేది అదే. పామాయిల్ చెట్టు ఆఫ్రికా నుంచి మలేషియాకు వెళ్లినప్పుడు ఈ పురుగు దాంతో వెళ్లలేదు. అక్కడి తోటల్లో చాలాకాలం కూలీలను పెట్టి చేత్తో పరాగసంపర్కం చేయించారు. 1981లో కామెరూన్ నుంచి పురుగును తెచ్చి వదిలాక ఆ ఖర్చు పోయింది. మన దేశంలో 1985లో ముందు కేరళ తోటల్లోకి తెచ్చారు. ఆఫ్రికాలో ఇదే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన మరికొన్ని ముక్కు పురుగులు కూడా అదే పూల మీద బతుకుతాయి, చూడ్డానికి దగ్గర దగ్గరగా ఉంటాయి. ఏది తేవాలి, ఏది తెస్తే వేరే పంట జోలికి పోదు అని చెప్పాలంటే ముందు వాటిని విడివిడిగా గుర్తుపట్టగలిగినవాళ్లు కావాలి కదా. మీ గెల బరువులో వాళ్ల కష్టం కూడా కొంత ఉంది.

పేరు తప్పితే ఏమవుతుందో సాల్వీనియా కథలో ఇంకా బాగా తెలుస్తుంది. ఇది నీటి మీద తేలే కలుపు మొక్క. కేరళలో ఆఫ్రికన్ పాయల్ అంటారు. కుట్టనాడు కాలువల్లో పడవ కదలనివ్వకుండా పెరిగింది. ఈ మొక్కను చాలా ఏళ్లు సాల్వీనియా ఆరిక్యులేటా అనే అనుకున్నారు. 1972లో దాన్ని వేరే జాతిగా వర్ణించి సాల్వీనియా మొలెస్టా అని పేరు పెట్టారు. అప్పటిదాకా దాన్ని తినే పురుగు కోసం కూడా తప్పు మొక్క మీదే వెతికారు. ట్రినిడాడ్‌లో ఆరిక్యులేటా మీద దొరికిన సిర్టోబేగస్ సింగులారిస్ అనే ముక్కు పురుగును ఆఫ్రికాలో వదిలారు, ఫిజీలో వదిలారు. కలుపు లొంగలేదు.

తర్వాత మొలెస్టా పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్ అని తెలిసింది. అక్కడ ఆ మొక్క మీదే దొరికిన పురుగును 1980లో ఆస్ట్రేలియాలో, మౌంట్ ఐసా దగ్గరున్న మూండర్రా సరస్సులో వదిలారు. అదీ సింగులారిసే అనుకున్నారు, చూపుకు అలాగే ఉంది మరి. ఏడాది దాటి కొన్ని నెలలు గడిచేసరికి సరస్సును కప్పేసిన సుమారు 200 హెక్టార్ల కలుపు దాదాపు మాయమైంది. ఒకచోట చేతకాని పురుగు ఇంకోచోట ఇంత పని ఎలా చేసింది? నమూనాలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు రెండూ ఒకటే కావని తేలింది. కాల్డర్, శాండ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1985లో ఈ కొత్త జాతికి సిర్టోబేగస్ సాల్వీనియే అని పేరు పెట్టారు. పొడవు రెండు మిల్లీమీటర్ల చిల్లర. 1980ల్లోనే ఆస్ట్రేలియా నుంచి బెంగళూరుకు, అక్కణ్నుంచి కేరళకు వచ్చి కుట్టనాడు రైతుల పని తేలిక చేసింది. చచ్చిన పురుగుల్ని చూసే పని బతికున్న రైతుకు ఎక్కడ తగులుతుందో ఇంతకంటే నేను చెప్పలేను.

ఇంట్లో బియ్యం డబ్బాలో కనిపించే ముక్కు పురుగు సంగతీ ఇలాంటిదే. మనం ఒకటే అనుకుంటాం. అందులో రెండు జాతులున్నాయి: లిన్నేయస్ 1763లో పేరు పెట్టిన సైటోఫిలస్ ఒరైజే, మోచుల్‌స్కీ 1855లో పేరు పెట్టిన సైటోఫిలస్ జియామైస్. రెంటికీ వీపు మీద నాలుగు నారింజ మచ్చలుంటాయి. పేరులో వరి ఉన్నదీ, మొక్కజొన్న ఉన్నదీ రెండూ రెండు ధాన్యాలనూ తింటాయి. చాలాకాలం వీటిని ఒకే జాతిలో చిన్న రకం, పెద్ద రకం అనుకున్నారు. సైజు చూసి చెప్పడానికి వీల్లేదు, ఒకదాని కొలతలు ఇంకోదానితో కలిసిపోతాయి. గట్టిగా తేల్చాలంటే మగ పురుగును కోసి జననాంగం చూడాలి. పైభాగం నున్నగా ఉంటే ఒరైజే, రెండు నిలువు గాడులు ఉంటే జియామైస్. 1961లో గిల్లెర్మో కుషెల్ ఈ పేర్ల చిక్కు విప్పి, ఏ పేరు ఏ పురుగుకు చెందుతుందో స్థిరపరిచాడు. జియామైస్ బాగా ఎగురుతుంది, చేలో ఉన్న కంకికే పట్టగలదు. గోదాము చూసుకునేవాళ్లకు ఈ తేడా అవసరమే.

ఇక్కడ మ్యూజియం ఎందుకు అని మీకు అనుమానం రావచ్చు. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి వెళ్లి మూల దస్తావేజు చూస్తారు కదా, అలాగే మామూలుగా జాతి పేరుకు ఒక మూల నమూనా ఉంటుంది. హోలోటైప్ అంటారు. ఆ పేరు దేనికి చెల్లుతుందన్న తగువు వచ్చినప్పుడు పుస్తకంలో రాసిన వర్ణన కంటే ఆ ఒక్క పురుగు మాటే నెగ్గుతుంది. ఒకే జాతికి ఇద్దరు రెండు పేర్లు పెట్టి ఉంటే మామూలుగా ముందు పెట్టినదే నిలుస్తుంది. జంతువుల పేర్ల లెక్క 1758 నుంచి మొదలు. మన దేశపు ముక్కు పురుగుల్లో చాలావాటిని వర్ణించింది గై మార్షల్ అనే ఇంగ్లిష్ ఆయన. 1916లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ముక్కు పురుగుల మొదటి భాగం ఆయనదే. అందువల్ల మన పత్తి చేలో, మామిడి తోటలో దొరికిన పురుగుల మూల నమూనాలు చాలా లండన్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికి ఉత్తరాలు రాయడం, ఫొటోలు తెప్పించుకోవడం, వీలైతే వెళ్లి చూడటం ఈ పనిలో మామూలే.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. ఎండిపోయిన నమూనాను వేడినీళ్లలో మెత్తబరచాలి. పొత్తికడుపు విడదీసి క్షారంలో ఉడికించి, గ్లిజరిన్‌లో పెట్టి, మైక్రోస్కోప్ కింద బొమ్మ గీయాలి. గుండుసూదికి గుచ్చిన చిన్న చీటీ మీద ఊరు, తేదీ, పట్టినవారి పేరు ఉంటాయి. ఆ చేతిరాత చదవడం ఒక్కోసారి పురుగును చూడటం కంటే కష్టం. చీటీ లేని పురుగుకు విలువే లేదు. డీఎన్‌ఏ వచ్చింది కదా, ఇదంతా ఎందుకని కొందరు అంటారు. తాజా నమూనాకు అది చాలా సాయం చేస్తుంది. వందేళ్ల కిందటి మూల నమూనాలో డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది, పైగా దాన్ని కోయనివ్వరు. రెండు పనులూ వచ్చినవాళ్లకే గిరాకీ.

తేల్చాక కూడా మాట మారవచ్చు. కోనసీమ కొబ్బరి రైతులకు బాగా తెలిసిన ఎర్రముక్కు పురుగునే తీసుకోండి. దాని దగ్గరి బంధువు వల్నెరేటస్ వేరే జాతి కాదని 2004లో కలిపేశారు. 2010లో కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌లో ఎర్రముక్కు పురుగు కనిపించిందని కలకలం రేగింది. మరిన్ని దేశాల నమూనాలు పరీక్షించాక 2013లో ఇవి రెండు జాతులేనని మళ్లీ విడదీశారు, కాలిఫోర్నియాలో దొరికింది వల్నెరేటస్ అని చెప్పారు. నిన్నటి తీర్పు రేపు తిరగబడినా నొచ్చుకోని మనిషికే ఈ పని నప్పుతుంది.

పేరు పెట్టడమంటారా, అది అన్నిటికంటే చిన్న పని. జర్మనీలోని కార్ల్స్‌రూహే మ్యూజియంలో పనిచేసే అలెగ్జాండర్ రీడెల్ బృందం 2013లో న్యూగినీ నుంచి ట్రైగోనాప్టరస్ అనే ముక్కు పురుగుల్లో 101 కొత్త జాతుల్ని ఒకేసారి ప్రకటించింది. అన్ని పేర్లు ఎక్కణ్నుంచి తేవాలి? చాలావాటికి పాపువా న్యూగినీ టెలిఫోన్ డైరెక్టరీలోని ఇంటిపేర్లు పెట్టేశారు. నాకైతే ఈ పద్ధతి భలే నచ్చింది.

ఇప్పుడు అన్నం సంగతి. వ్యవసాయ శాస్త్రవేత్తల్ని ఎంపిక చేసే బోర్డు ఏఎస్‌ఆర్‌బీ నిర్వహించే ఏఆర్‌ఎస్ పరీక్షలో అగ్రికల్చరల్ ఎంటమాలజీ ఒక సబ్జెక్టు. అర్హత ఉండి నెగ్గితే ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో సైంటిస్టు. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఉంటే వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత, కృషి విజ్ఞాన కేంద్రాల్లో సస్యరక్షణ నిపుణుల పోస్టులూ ఉంటాయి. కేంద్ర సస్యరక్షణ విభాగం కింద విశాఖ లాంటి ఓడరేవుల్లో ప్లాంట్ క్వారంటైన్ కార్యాలయాలున్నాయి. వచ్చే పోయే సరుకులో దొరికిన పురుగు ఏ జాతో చెప్పడం అక్కడ అసలైన పని, అమ్మాయి నేర్చుకోబోయేది సూటిగా పనికొచ్చేది అక్కడే. సెంట్రల్ వేర్‌హౌసింగ్ కార్పొరేషన్ మేనేజ్‌మెంట్ ట్రైనీ (టెక్నికల్) పోస్టులకు ఎంటమాలజీతో ఎంఎస్సీ అగ్రికల్చర్ చేసినవాళ్లను తీసుకుంటారు. బియ్యం పురుగు మీద థీసిస్ చేసిన పిల్లకు అది సొంత ఇల్లు లాంటిదే. పురుగుమందుల కంపెనీలు, విత్తన కంపెనీలు ఎలాగూ ఉన్నాయి. విదేశాల్లో పెద్ద మ్యూజియాలున్నాయి గానీ శాశ్వత పోస్టులు అక్కడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వెళ్తే సరే, అప్పు చేసి మాత్రం పంపకండి.

సీటు ఎక్కడ అన్నదానికంటే గైడ్ ఎవరన్నది ముఖ్యం. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్‌ఐలో నేషనల్ పూసా కలెక్షన్ అనే పురుగుల నమూనాల సేకరణ ఉంది. బెంగళూరులో ఎన్‌బీఏఐఆర్ (ఐకార్ వారి పురుగుల పరిశోధన సంస్థ), అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండుచోట్లా పురుగుల మ్యూజియాలున్నాయి. ఇవి కుదరక మన రాష్ట్రాల్లోనే చేరితే, థీసిస్ కోసం కొన్ని వారాలు అలాంటిచోట కూర్చుని నమూనాలు చూసే ఏర్పాటు గైడ్ చేయగలరో లేదో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. పాత విద్యార్థులు ఏం రాశారో, ఇప్పుడెక్కడున్నారో కూడా అడగమనండి. మొహమాటం అక్కర్లేదు.

దానికంటే ముందు ఈ సెలవుల్లో ఒక పరీక్ష పెట్టుకోమనండి. మీ తోటలో, ఇంటి ధాన్యంలో, చుట్టుపక్కల మామిడి, పత్తిలో దొరికే ముక్కు పురుగుల్ని పట్టి, గుండుసూదికి గుచ్చి, చీటీలు రాసి, కాలేజీ మైక్రోస్కోప్ కింద బియ్యం పురుగులు రెంటినీ కోసి విడదీసి చూడమనండి. పదో పురుగు దగ్గర విసుగొస్తే ఎంటమాలజీలోనే పురుగుల యాజమాన్యం వైపు వెళ్లవచ్చు, డిగ్రీ ఏం వృథా కాదు. యాభై దాటినా లేవాలనిపించకపోతే మీరు అడ్డం చెప్పినా ఆగదు, ఆ సంగతి మీకూ తెలుసు.

వాళ్లమ్మగారితో ఒక మాట చెప్పండి. పీజీలో చేరినంత మాత్రాన బ్యాంకు దారి మూసుకుపోదు. ఐబీపీఎస్ అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు ముప్పై ఏళ్ల వరకూ వయసు ఉంది, అర్హత బీఎస్సీ అగ్రికల్చరే. ఎంఎస్సీ చదువుతూ కూడా రాయొచ్చు.