పదాలన్నీ వచ్చు, వెర్బల్‌లో 143 ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. అమెరికాలో ఎంఎస్ కోసం జీఆర్ఈ రాస్తే క్వాంట్‌లో (లెక్కలు) 165, వెర్బల్‌లో (ఇంగ్లిష్) 143 వచ్చాయి. వెయ్యికి పైగా పదాలు బట్టీ పట్టాను. ఇంకా ఎన్ని నేర్చుకోవాలి మేడమ్? మళ్లీ రాయాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, పదాల జాబితా కొన్నాళ్లు పక్కన పెట్టు. నాది దేవరకొండ దగ్గర పల్లె, నేనూ తెలుగు మీడియమే. మొదటిసారి నాకు 145 వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన కార్డుల కట్ట మొత్తం అప్పజెప్పేదాన్ని. పరీక్షలో నన్ను దెబ్బతీసినవి తెలియని పదాలు కావు, తెలుసనుకున్నవి. 'శాంక్షన్' అనగానే మనకు లోన్ మంజూరు కావడమే గుర్తొస్తుంది. ఒక దేశం మీద పెట్టే ఆంక్షకూ అదే మాట. 'క్వాలిఫైడ్ సపోర్ట్' అంటే అర్హత ఉన్నవాళ్ల మద్దతు అనుకున్నాను. కాదు, షరతులు పెట్టి ఇచ్చే మద్దతు. కార్డు మీద పదానికి ఒకే అర్థం రాసుకుంటే ఇట్లాగే అవుతుంది.

అందుకే పదాన్ని వాక్యంలో పట్టుకో. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక సంపాదకీయం చదువు. పేరా పేరాకూ ఆగి, రాసినవాళ్లు ఏమంటున్నారో మీ అమ్మకు చెప్పినట్టు తెలుగులో ఒక్క వాక్యం చెప్పుకో. చెప్పలేకపోతే మళ్లీ చదువు. నల్లగొండ బస్టాండ్‌లో బస్సు కోసం కూర్చుని నేను చేసింది ఇదే. వెర్బల్‌లో దాదాపు సగం ప్రశ్నలు ప్యాసేజీల మీదే వస్తాయి. ఖాళీలు నింపేటప్పుడు ముందే ఆప్షన్లు చూడకు. 'ఆల్దో', 'ఫార్ ఫ్రమ్' లాంటి మాట దగ్గర వాక్యం ఎటు మళ్లిందో చూసి, అక్కడ పట్టే మాట నువ్వే అనుకో, తెలుగు మాటైనా సరే. మూడు ఖాళీలుంటే మూడూ సరిపోవాలి, ఒక్కటి తప్పినా మార్కు రాదు.

వెర్బల్ మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, రెండోదాంట్లో 15 ప్రశ్నలకు 23. మొదటిది ఎలా రాశావో చూసే రెండోది ఇస్తారు కాబట్టి అక్కడ తడబడకు. పెద్ద ప్యాసేజీ దగ్గర ఇరుక్కుంటే మార్క్ చేసి ముందుకు వెళ్లు. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ వదిలేయకు.

21 రోజులకే మళ్లీ రాయొచ్చు, కానీ నువ్వు మూడు నెలలు తీసుకో. రెండోసారి వచ్చిన స్కోరు ఒక్కటే యూనివర్సిటీలకు పంపే వీలుంది, 143 గురించి దిగులొద్దు. జీఆర్ఈ పెట్టే సంస్థ ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ నమూనా టెస్టుల్లో ఒకటి ఈ వారమే రాయి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కన, పదం తెలియక తప్పిందా, వాక్యం అందక తప్పిందా అని రాసి నాకు పంపు. కూర్చుని చూస్తాను.