ఇంగ్లీషు తర్వాత ఏ భాష? ముందు ఎటు పోతున్నారో చెప్పండి

మొన్న నకిరేకల్‌లో మా అక్క కూతురి పెళ్ళికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర ఇద్దరు పిల్లలు నన్ను పట్టుకున్నారు. అబ్బాయి బీటెక్ ఆఖరి ఏడాది, అమ్మాయి నర్సింగ్. "మామా, జర్మన్ మంచిదా, ఫ్రెంచా, జపనీసా?" అని అడిగారు. ఏ దేశం పోతారని అడిగితే ఇంకా అనుకోలేదన్నారు. సంబంధం కుదరకముందే పెళ్ళి బట్టలు కొన్నట్టుంది ఇది.

కెనడా అనుకుంటే ఫ్రెంచి పనికొస్తుంది. 2023 నుంచి అక్కడ శాశ్వత నివాసానికి మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచి వచ్చినవాళ్ళను విడిగా పిలుస్తున్నారు. కానీ దానికి టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ అనే ఫ్రెంచి పరీక్ష రాయాలి, డెల్ఫ్ అనే ఇంకో ఫ్రెంచి పరీక్ష సర్టిఫికెట్ చెల్లదు. డబ్బు కట్టే ముందే ఈ ముక్క కనుక్కోండి. గల్ఫ్‌కు పోయే మన పాలమూరు వాళ్ళకు హిందీ, ఉర్దూలతోనే చాలావరకు గడిచిపోతుంది. పైగా పుస్తకాల అరబ్బీ వేరు, బజారులో మాట్లాడే అరబ్బీ వేరు.

జపనీస్ అంటే అందరూ భయపడతారు గానీ వాక్యం మాత్రం అచ్చం మనదే. "తోక్యో ని ఇకిమాసు" అంటే "టోక్యోకి వెళ్తాను". "కి" ఉన్నచోట "ని" ఉంది, క్రియ చివరనే ఉంది. ఇంగ్లీషువాడు తలకిందులు కావాల్సిన చోట మనకు సాఫీగా నడుస్తుంది. చుక్కలు చూపించేది లిపి. రోజువారీ వాడుకకని వాళ్ళ ప్రభుత్వం పెట్టుకున్న జాబితాలోనే 2,136 కాంజీ అక్షరాలున్నాయి.

ఇక నేనుండే జర్మనీ. ఐటీ ఉద్యోగం ఇంగ్లీషుతోనే దొరకొచ్చు, నాకూ అలాగే దొరికింది. మా రూములో నలుగురం, నలుగురమూ తెలుగువాళ్ళమే. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో పప్పుచారు. ఇక జర్మన్ ఎక్కడినుంచి వస్తుంది? రెండో ఏడు పసుపు కవరులో ఒక ఉత్తరం వచ్చింది. ప్రకటన అనుకుని ఫ్రిజ్ మీద పెట్టాను. నా పేరు మీద అద్దెకు తీసుకున్న కారు వేగం మించిందని జరిమానా అది. నడిపింది నా రూమ్మేట్. అభ్యంతరం చెప్పుకోవడానికి రెండు వారాలే గడువు, అదీ పోస్ట్‌మ్యాన్ కవరు మీద రాసిన తేదీ నుంచి. పక్కింటి పెద్దాయన చదివి చెప్పేసరికి మూడో వారం నడుస్తోంది. "ఫ్రిస్ట్" అంటే గడువు అని ఆ రోజు నేర్చుకున్నాను, డబ్బు కట్టి మరీ.

కాగితాల లెక్క కూడా ఉంది. భాష స్థాయిల్లో ఏ1 మొదటి మెట్టు, బీ1 మూడోది, బీ2 నాలుగోది. బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే అనుమతి) ఉన్నవాళ్ళకు ఏ1 జర్మన్ ఉంటే 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే దారి ఉంది. పౌరసత్వానికీ బీ1 కావాలి. నర్సులకైతే సాధారణంగా బీ2 అడుగుతారు. అది రాకుండా ఏజెంటు చెప్పే తియ్యటి మాటలు నమ్మి సంతకం పెట్టకండి.

నా మాట వింటే బీ1 మన దేశంలోనే పూర్తి చేసి విమానం ఎక్కండి. దిగిన తర్వాత ఇల్లు, బ్యాంకు, ఆఫీసు, చలి... క్లాసుకు టైం ఎక్కడిది? హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంత్రుమ్ ఉంది, తార్నాక పక్కన విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది. నల్లగొండ నుంచి రోజూ బస్సులో తిరిగితే రెండో నెలకే మానేస్తారు. ఆన్‌లైన్ క్లాసులో చేరి, పరీక్షకు మాత్రం వెళ్ళండి. ఒక్క సుళువు చెప్తాను: "వైల్" అంటే "ఎందుకంటే". ఆ మాట తర్వాత జర్మన్‌లోనూ క్రియ చివరకే పోతుంది. "వైల్ ఇష్ క్రాంక్ బిన్", అంటే నాకు ఒంట్లో బాలేదు గనక. ఇంగ్లీషులోంచి కాకుండా తెలుగులోంచి అందుకోండి, తేలిగ్గా వస్తుంది.

పోయిన వారం ఆ నర్సింగ్ అమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది. జర్మన్‌లో నామవాచకం ముందు లింగాన్ని బట్టి పెట్టే డెర్, డీ, డాస్ మూడూ కలగాపులగం చేసింది గానీ, క్రియ మాత్రం చివరనే పెట్టింది.