అమ్మ, అత్తయ్య తిరిగి వెళ్ళిపోయాక: ఇంట్లోనే ఉండే నానీని పెట్టుకోబోయేవాళ్ళకు

బిడ్డ పుట్టే వేళకు అమ్మాయి తల్లి వస్తుంది. ఆవిడ ఆరు నెలలు పూర్తయ్యేసరికి అబ్బాయి తల్లి దిగుతుంది. అలా మొదటి ఏడాది గట్టెక్కుతుంది. ఆ తర్వాత ఎవరు? అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు జంటలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. డే కేర్‌లో వేస్తే ఒళ్ళు కాస్త వెచ్చబడినా వచ్చి తీసుకెళ్ళమంటారు, ఇద్దరి ఆఫీసు వేళలూ కలవవు. అందుకని ఇంట్లోనే ఉండి బిడ్డను చూసుకునే మనిషి, అంటే నానీ, దొరికితే బాగుండుననుకుంటారు. దొరికితే నిజంగానే బాగుంటుంది. అయితే ఆమెను పనిలో పెట్టుకున్న రోజునుంచి చట్టం దృష్టిలో మీరు యజమాని, ఆమె ఉద్యోగి. మీ కంపెనీ మీ విషయంలో పాటించే లెక్కల్లో చాలావాటిని ఆమె విషయంలో మీరు పాటించాలి.

మొదట వీసా సంగతి. మన వాట్సాప్ గ్రూపుల్లో "తెలిసినవాళ్ళ అమ్మగారు ఉన్నారు, నాలుగు నెలలు మీ ఇంట్లో ఉండి బాబుని చూసుకుంటారు, క్యాష్ ఇస్తే చాలు" అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఆవిడ వచ్చింది విజిటర్ వీసా మీదైతే ఒప్పుకోకండి. సొంత మనవణ్ణి ఎత్తుకుని ఆడించడం వేరు, డబ్బు తీసుకుని పరాయి ఇంట్లో పనిచేయడం వేరు. రెండోది అనుమతి లేని ఉద్యోగం. అది బయటపడితే ఆ పెద్దావిడ వీసా పోవచ్చు, మళ్ళీ తన బిడ్డల్ని చూడటానికి రావడమే కష్టం కావచ్చు. మన అవసరం కోసం ఒక తల్లిని అంత ప్రమాదంలోకి నెట్టకూడదు. తెలిసీ పని ఇచ్చినందుకు మీకూ చిక్కే. హెచ్-4 అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా; వర్క్ పర్మిట్ లేని హెచ్-4 అమ్మాయిల విషయమూ ఇంతే. గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్ళు, హెచ్-4 మీద ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) ఉన్నవాళ్ళు, ఇక్కడి పౌరులు నిక్షేపంగా చేయవచ్చు. ఎవరైనా సరే, పనిలో చేరేటప్పుడు, పని చేసే అనుమతి ఉందని చూపే ఐ-9 ఫారం నింపించి, కాగితాలు చూసి, ఆ ఫారం మీ దగ్గర భద్రపరచుకోండి. చూసిన పాస్‌పోర్టు మాత్రం వెంటనే ఆమె చేతికిచ్చేయండి. దాన్ని "జాగ్రత్తగా దాచిపెడతాం" అని బీరువాలో పెట్టుకోవడం చాలా పెద్ద కేసుకు దారితీయవచ్చు.

హైదరాబాదులో మీ ఇంట్లో పనిచేస్తున్న ఆయమ్మను వెంట తెచ్చుకోవచ్చా అని కొందరు అడుగుతారు. హెచ్-1బి, ఎల్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు బి-1 అనే తాత్కాలిక వీసా కింద ఒక దారి ఉంది. అయితే ఆమె ముందునుంచే మీ దగ్గర పనిచేస్తుండాలి, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఇక్కడి వేతనమే ఇవ్వాలి, వచ్చాక ఆమె పని అనుమతి కూడా తీసుకోవాలి. మీకు గ్రీన్‌కార్డు వచ్చేసి ఉంటే ఆ దారి లేదు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో భారత దౌత్యాధికారి దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేసింది సరిగ్గా ఇలాంటి విషయంలోనే. వీసా కాగితాల్లో చూపిన జీతం ఒకటి, ఇచ్చింది మరొకటి అన్నది ఆ ఆరోపణ. దౌత్యాధికారినే అరెస్టు చేశారంటే ఈ ఒప్పందాలను ఇక్కడ ఎంత గట్టిగా పట్టించుకుంటారో ఆలోచించండి.

ఇప్పుడు జీతం. మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "తిండి, గది మనదే కదా, నెలకు రెండు వేల డాలర్లు ఇద్దాం, వారానికి ఆరు రోజులు" అనుకుంటారు. కాగితం మీద వేసి చూడండి. పొద్దున ఏడునుంచి రాత్రి ఏడు వరకు పన్నెండు గంటలు, ఆరు రోజులకు 72 గంటలు, నెలకు దాదాపు 312 గంటలు. రెండు వేలను దాంతో భాగిస్తే గంటకు 6.41 డాలర్లు. దేశం మొత్తానికి కనిష్ఠంగా పెట్టిన 7.25 కన్నా కూడా తక్కువ. న్యూజెర్సీలో 2025లో చాలామంది ఉద్యోగులకు కనీస వేతనం 15.49 డాలర్లు ఉండేది. కాబట్టి నెల జీతం అనే ఆలోచనే మానేసి గంటల్లో మాట్లాడుకోండి.

ఓవర్‌టైమ్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. యజమాని ఇంట్లోనే ఉండే పనివాళ్ళకు ఫెడరల్ చట్టం ఓవర్‌టైమ్ అడగదు. న్యూయార్క్‌లో వారానికి 44 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. కాలిఫోర్నియాలో పిల్లల్ని చూసుకునేవాళ్ళకు రోజుకు 9 గంటలు, వారానికి 45 గంటలు దాటితే ఇవ్వాలి. మీ రాష్ట్రం నియమం ఏదైనా, 40 దాటాక ఒకటిన్నర రెట్లు ఇవ్వమనే నేను చెబుతాను. అలా లెక్కేస్తే గంటకు 18 డాలర్ల చొప్పున వారానికి 45 గంటలకు 855 అవుతుంది. దాని మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద మీ వాటా 7.65 శాతం, అంటే ఇంకో 65 డాలర్లు. అంతే శాతం ఆమె జీతంలోంచి కోసి కట్టాలి. 2025లో ఒకే మనిషికి ఏడాదిలో 2,800 డాలర్లు చేరితే ఈ పన్ను మొదలయ్యేది. ఈఐఎన్ (యజమాని పన్ను నంబరు) తీసుకోవడం, జనవరిలో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) ఇవ్వడం, మీ టాక్స్ రిటర్న్‌తో షెడ్యూల్ హెచ్ (ఇంటి ఉద్యోగి పన్నుల ఫారం) జతచేయడం, ఇవన్నీ నానీ పేరోల్ సంస్థలు చేసిపెడతాయి. ఆమెకు రేపు సోషల్ సెక్యూరిటీ పెన్షన్ వచ్చేది ఈ లెక్కల మీదే. క్యాష్‌లో ఇచ్చి ఊరుకుంటే ఆ హక్కు పోగొట్టినవాళ్ళం అవుతాం.

జీతంకన్నా ఎక్కువ గొడవలు వచ్చేది వేళల దగ్గర. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి రాత్రి తొమ్మిదికి బిడ్డ ఏడిస్తే "కాస్త ఎత్తుకోండి ఆంటీ" అంటాం. శనివారం కాస్ట్‌కో స్టోరుకి వెళ్తూ "గంటలో వచ్చేస్తాం" అంటాం. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే వచ్చినవాళ్ళందరి గిన్నెలూ ఆమె ముందే చేరతాయి. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, కానీ ఆమెకు పని ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. మూడు నెలల్లో అలసిపోతుంది, చెప్పలేక చెప్పలేక ఒకరోజు మానేస్తుంది. అందుకని పని మొదలయ్యే వేళ, ముగిసే వేళ కాగితం మీద రాసుకోండి. రాత్రి లేవాల్సి వస్తే దానికి వేరే లెక్క. వారంలో కనీసం ఒక పూర్తి రోజు సెలవు, ఆ రోజు ఆమె తన గదిలోనే ఉన్నా పిలవకూడదు. బిడ్డ బట్టలు, సీసాలు, బిడ్డకు వండటం ఆమె పని. ఇంటిల్లిపాదికీ వంట, బాత్రూములు కడగడం ఆమె పని కాదు. కావాలంటే ముందే అడిగి, డబ్బు కలిపి, ఆమె ఒప్పుకుంటేనే. న్యూజెర్సీలో 2024 జులైనుంచి ఇంటి పనివాళ్ళ హక్కుల చట్టం అమల్లో ఉంది, అక్కడ రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. మిగతాచోట్లా రాసుకుంటే మీకే ప్రశాంతత.

తలుపు గడియ పడే గది ఇవ్వండి. బేస్‌మెంట్ అయితే అత్యవసరంలో బయటపడేంత కిటికీ ఉండాలి. మీ ఇంట్లో మాంసం వండకపోతే ఆ సంగతి మొదటే చెప్పండి.

బిడ్డ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. నానీ గుజరాతీ ఆవిడైనా, నేపాలీ అయినా, మన గుంటూరు పిన్నిగారైనా ఊరి అలవాట్లు వెంట వస్తాయి. ఏడాది నిండే వరకు తేనె నాకించకూడదు, బోట్యులిజం ప్రమాదం ఉంది. వెల్లకిలా పడుకోబెట్టాలి, ఉయ్యాలలో దిండు గానీ మెత్తటి దుప్పటి గానీ వేయకూడదు. సంప్రదాయ కాటుకల్లో సీసం ఉండొచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది, కంటికి పెట్టొద్దనండి. ద్రాక్షపళ్ళు నిలువునా కోసి పెట్టాలి. కారు సీటు బెల్టు ఎలా బిగించాలో ఆమె చేత చేయించి చూడండి. రెడ్‌క్రాస్ వాళ్ళ శిశు సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగితే చేసే ప్రథమ చికిత్స) తరగతికి ఫీజు మీరే కట్టి పంపండి, ఆ గంటలకు జీతం కూడా ఇవ్వండి. మీ ఇంటి చిరునామా, అత్యవసర నంబరు 911, విషపదార్థం మింగితే సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాల్లో అంటించండి. ఇంగ్లిష్ తడబడేవాళ్ళైతే చిరునామా చదవడం రెండుసార్లు సాధన చేయించండి.

అమ్మమ్మ ఇంట్లో ఉండగానే నానీ వస్తే ఇద్దరూ చెరో మాట చెబుతారు. అలాంటప్పుడు నియమాలు బిడ్డ తల్లిదండ్రుల నోటినుంచే రావాలి, పెద్దవాళ్ళ ఎదుటే.

కెమెరా పెడితే హాల్లో, బిడ్డ గదిలో పెట్టండి, పెట్టినట్టు ఆమెకు చెప్పండి. ఆమె గదిలో, బాత్రూములో ఎప్పుడూ వద్దు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో చెప్పకుండా మాటలు రికార్డు చేయడం నేరం.

ఎంచుకునేటప్పుడు ఫోటోలు, మెసేజిలు చూసి నమ్మకండి. ఇంతకుముందు పనిచేసిన రెండు ఇళ్ళవాళ్ళతో ఫోన్లో మాట్లాడండి. "ఎలా చూసుకుంది?" అంటే అందరూ బాగానే అంటారు. "బిడ్డ అన్నం తినకపోతే ఏంచేసేది? ఎప్పుడైనా పడిపోతే మీకు ఎంతసేపట్లో చెప్పింది?" అని అడగండి, జవాబులో మనిషి కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు ఆమె సంతకం తీసుకోండి. మీరిద్దరిలో ఒకరు సెలవు పెట్టి మొదటి వారం ఇంట్లోనే ఉండండి, ఆ వారానికి పూర్తి జీతం ఇవ్వండి.

మాన్పించాల్సి వస్తే ఆమెకు ఉద్యోగంతోపాటు ఇల్లూ పోతుందని గుర్తుంచుకోండి. నాలుగు వారాల ముందు చెప్పండి, బాకీ జీతమంతా కట్టండి, బాగా చేసి ఉంటే ఉత్తరం రాసివ్వండి.